తరిగొండ వెంగమాంబ: ఆస్తికులు తీర్పవలసిన ఋణము

తిరుమల కొండపై యాత్రికులకు ఉచితముగా భోజనము పెట్టు మహాశాలకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు గలదు. 2011 సంవత్సరమున నాటి రాష్ట్రపతి శ్రీమతి ప్రతిభా పాటిల్ ఆ భవనమును ప్రారంభించిరి. పెరటాసి నెలలో తిరుత్తణి, నగరి, పుత్తూరు మార్గమున కాలినడకన వచ్చు అరవ భక్తులు మొదలుకొని ఉత్తరదేశమునుండి రైలులో వచ్చువారి వరకు దినమునకు వేలకొలది జనులు ఆ పేరు క్రిందుగా లోనికేగి ఆకలి దీర్చుకొందురు. ఆ సాధ్వి తన స్వగ్రామపు దేవాలయములోనే అవమానింపబడి వెడలిపోయిన వితంతువని వారిలో ఎందరెరుంగుదురు? ఎరిగినవారు సైతము ఆ కథను చెప్పుకొను తీరు మాకు సమ్మతముగా లేదు. కావున ఆ చరిత్రను ఒకమారు మరల తలచుట యుక్తమని భావించితిమి.

గుర్రంకొండకు చేరువనున్న తరిగొండ గ్రామము 2022 వరకు చిత్తూరు జిల్లాలోనిదే. అచ్చట లక్ష్మీనృసింహస్వామి వెలసియున్నాడు. 1730 ప్రాంతమున నందవరీక బ్రాహ్మణ కుటుంబమున కృష్ణయ్య, మంగమాంబ అను దంపతులకు ఒక కూతురు కలిగెను. ఏడుకొండలవాని వరప్రసాదమని తలచి ఆ శిశువునకు వెంగమాంబ యని పేరిడిరి. ఆ బాలిక ఆటపాటలు మాని ఏకాంతమున ధ్యానము చేయుచుండుట చూచి ఇరుగుపొరుగువారు పిచ్చి యనుకొనిరి. పెండ్లి చేసిన బాగుపడునని పెద్దలు తలచి వివాహము జరిపించిరి. భర్త కొలదికాలముననే గతించెను. మదనపల్లెలోని రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు యోగమార్గము నుపదేశించిన గురువు. తాను బాల్యమున ఓనమాలైనను నేర్వలేదని ఆమె తన కావ్యమునందే చెప్పుకొనెను.

భర్త పోయిన పిదప ఆ బాలిక బొట్టు తుడుచుకొనుటకును, గాజులు తీయుటకును, తల గొరిగించుకొనుటకును అంగీకరింపలేదు. శ్రీవేంకటేశ్వరుడే తనకు భర్త యనియు, ఆయన నిత్యుడు గావున తనకు వైధవ్యము లేదనియు ఆమె వాదము. ఊరు గగ్గోలెత్తెను. అది కడప నవాబులు, మహారాష్ట్రులు, హైదరాలీ గుర్రంకొండ సీమకై ఒకరితో నొకరు పెనగులాడిన కాలము. పొలములు తొక్కి పోవు సేనలను ఆపలేని గ్రామపెద్దలకు ఒక ఆడుబిడ్డ శిరస్సుపై నున్న వెండ్రుకలే ధర్మసంకటమయ్యెను. బలహీనులైన దినములలో మతము నీ విధమున అతి బలహీనులపై చూపి తృప్తిపడుట మన దేశముననే గాదు, అన్ని దేశములందును జరిగినదే.

శాస్త్రమే యట్లు శాసించినదని ఆ పెద్దలు నమ్మిరి. మనుస్మృతియందు వితంతువులకు శిరోముండన విధి కానరాదు. స్కాందపురాణమున కాశీఖండమునందు అట్టి వచనము కలదు. ఇక తిరుపతి ప్రాంతమున వేనవేలుగా నున్న తెంగలై శ్రీవైష్ణవులలో ఆ యాచారము మొదటినుండియు లేదు. అదే దైవమును కొలుచుచు, అదే కొండ నెక్కుచు, ఒక వీధివారు అవశ్యమన్న దానిని ఇంకొక వీధివారు అక్కరలేదనిరి. కనుక వేరు మార్గము లేక చేసితిమని చెప్పుకొనుటకు ఆ పెద్దలకు వీలు లేదు. మార్గము కంటియెదుటనే యుండెను.

తరువాతి కథ అందరికిని పరిచితము. పుష్పగిరి పీఠాధిపతులు మదనపల్లెకు వేంచేసినప్పుడు గ్రామస్థులు ఫిర్యాదు చేసిరనియు, ఆజ్ఞపై మంగలిచే ఆమె తల గొరిగించిరనియు, ఆమె నీట మునిగి లేచునప్పటికి కేశములు తిరిగి మొలచెననియు చెప్పుదురు. ఈ కథ వినినంతనే భక్తులకు మేను పులకించును. మేమును భక్తులమే గాని, ఈ పులకింతలో ఒక మోసమున్నదని చెప్పక తప్పదు. అద్భుతము జరిగినదనగానే అపరాధము మాసిపోవుచున్నది. దేవుడే సరిదిద్దెను గనుక మనుష్యులు లెక్క యప్పగింప నక్కరలేదని చెప్పక చెప్పినట్లగుచున్నది. వెంగమాంబ కేశములు తిరిగి మొలచెనే యనుకొందము. ఆ తరమునను, తరువాతి తరములందును ఆంధ్రదేశపు బ్రాహ్మణ గృహములలో పది, పండ్రెండేండ్ల ప్రాయముననే తల గొరిగించి, ఒంటిపూట తిండితో వంటయింటి మూలను కూర్చుండబెట్టిన బాలికలు అసంఖ్యాకులు. వారి కొరకు ఏ పుష్కరిణియు అద్భుతము చేయలేదు. వారి పేర్లు ఏ శాలకును పెట్టబడలేదు.

తరిగొండ ఆలయములో ఆంజనేయస్వామి విగ్రహము వెనుక ఆమె ధ్యానమున నుండగా పూజారి జుట్టుపట్టి యీడ్చెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆమె ఊరు విడిచి తిరుమల చేరెను. కొండపైనను శాంతి సులభముగా దొరకలేదు. పొరుగింటి అర్చకుని బాధ పడలేక తుంబురుకోనకు పోయి ఆ యడవిలో కొన్ని వత్సరములు తపస్సు చేసెనందురు. ఆ పూజారిని, ఈ అర్చకుని మాత్రము దుష్టులను చేసి కథ ముగించుట మనకు సుఖముగా నుండును. వారు చేసినది నాటి సంఘమంతయు మెచ్చిన పని. తరిగొండలో ఆమె పక్షమున నిలిచిన గృహస్థుల సంఖ్య ఎంతయో ఎవరును చెప్పుట లేదు.

ఆమె మతమును విడువలేదు. ఇదియే ఆమె జీవితమున మిక్కిలి విచారింపదగిన విషయము. తరిగొండ నృసింహ శతకముతో నారంభించి, శివనాటకము, విష్ణుపారిజాతము, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము, వేంకటాచల మాహాత్మ్యము మొదలగు గ్రంథములు రచించెను. వైష్ణవ క్షేత్రమున జీవించిన ఆమె శివుని కథను నాటకముగా వ్రాసినదనుట గమనింపదగినది. నృసింహజయంతి దినములలో యాత్రికులకు అన్నమును, చలిపందిళ్లు వేయించి నీరును ఇప్పించెను. తనను పంక్తిలో చేరనీయని లోకమునకు పంక్తి తీర్చి వడ్డించెను.

పాశ్చాత్యదేశమున జోన్ ఆఫ్ ఆర్క్ అను కన్యను 1431లో క్రైస్తవ మతాధికారుల న్యాయస్థానము దోషిగా నిర్ణయింపగా రూయే నగరమున సజీవముగా దహించిరి. 1456లో అదే మతమునకు చెందిన వేరొక న్యాయస్థానము సాక్షులను విచారించి మొదటి తీర్పును కొట్టివేసెను. ఆమెను పునీతురాలిగా ప్రకటించినది 1920లో. దానికి ఐదు శతాబ్దములు పట్టెనని మనవారు పరిహసింపవచ్చును. కాని వారు ముందు తప్పుడు తీర్పును రద్దుచేసి, పిమ్మట పూజించిరి. మనము పూజతోనే సరిపెట్టితిమి. మనకు అట్టి తీర్పు చెప్పు న్యాయస్థానము లేదనుట నిజమే. పీఠములు పెక్కు, మఠములు పెక్కు, ఒకరి మాట ఒకరికి చెల్లదు. అందుచేతనే ఆ భారము ఇంటింటిపైనను పడుచున్నది.

1856లో వితంతు పునర్వివాహ శాసనము వచ్చెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు ఆయనకును, తోడ్పడినవారికిని వెలి తప్పలేదు. వెలివేసినవారు నాస్తికులు గారు. నిత్యము స్నానసంధ్యలు చేయువారే. నేడు శిరోముండనము దాదాపుగా పోయినది. అయినను పెండ్లి పందిటిలో కన్నతల్లి వితంతువైనచో అక్షతలు వేయక వెనుకకు తొలగుట, పేరంటమునకు పిలుపు రాకుండుట నగరి వీధులలోని కలిగినవారి యిండ్లలోను, చుట్టుపట్ల పల్లెలలోను నేటికిని చూడవచ్చును. అట్టి యింటివారే కొండకు పోయి వెంగమాంబ పేర వడ్డించిన అన్నమును కన్నుల కద్దుకొని భుజించి వచ్చుచున్నారు.

1817లో వెంగమాంబ పరమపదించెను. తిరుమలలో ఆమె బృందావనము కలదు. ప్రతిరాత్రియు ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి పిదప తరిగొండవారి ముత్యాలహారతి జరుగుచున్నది. దేవస్థానమువారు ఏటేట జయంతిని, వర్ధంతిని జరుపుచున్నారు. ఆ సభలలో ఆమె కవిత్వమును గూర్చియు, మహిమలను గూర్చియు విద్వాంసులు ప్రసంగింతురు. తరిగొండ ఆలయమున జరిగినది కూడ అచ్చట మరుగులేకుండ చెప్పవలెనని మా మనవి. రాబోవు జయంతినాడు ఆ గ్రామపు వితంతువులను ఆ ఆలయములోనికే పిలిచి, ముందువరుసను కూర్చుండబెట్టి, పసుపు కుంకుమలును తొలి హారతియు వారికే అందించినచో ఏ ఆగమమునకు భంగమో పెద్దలు తెలుపుదురు గాక.