అద్దపు పెట్టెలో ఇమడని ఆటగాడు

బుచ్చిరెడ్డిపాలెం చుట్టుపట్ల కనిగిరి చెరువు నీటితో పండే పొలాలలో వరికోతలు ముగిసినవంటే చాలు, కొయ్యకాళ్ళ నడుమ బాలుర క్రికెట్టు ఆరంభమవుతుంది. కొబ్బరిమట్టయే బ్యాటు, మూడు పుల్లలే వికెట్టు. ఆ ఆట చరిత్రలో ఒక తెలుగువానికి ఎంతటి స్థానమున్నదో వారికి తెలియజెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.

ఆ చరిత్రను భద్రపరచిన చిన్న ప్రదర్శనశాల ఒకటి లండను నగరములోని లార్డ్స్ మైదానములో కలదు. యుద్ధములలో అసువులు బాసిన క్రీడాకారుల స్మృత్యర్థము 1953లో దానిని తెరచినారు. ఇంగ్లండు, ఆస్ట్రేలియాల స్పర్ధకు గుర్తయిన బూడిదపాత్ర అందున్నది. 1936లో జహంగీర్ ఖాన్ విసరిన బంతి తగిలి మరణించిన పిచ్చుక కూడ అందు నిలిచియున్నది. ఈ జహంగీర్ ఖాన్ 1932లో అదే మైదానమున భారతదేశపు ప్రథమ టెస్టులో ఆడినవాడు. ఆనాటి మన జట్టు నాయకుడు కొఠారి కనకయ్య నాయుడు. లోకము ఆయనను సి. కె. నాయుడుగా ఎరుగును.

మచిలీపట్నము నుండి తరలివెళ్ళి నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములో నాయుడుగారు 1895 అక్టోబరు 31న జన్మించినారు. 1916లో బొంబాయిలో హిందువుల జట్టు తరఫున పెద్ద పోటీలలో ప్రవేశించి, తమ పరుగుల ఖాతాను సిక్సరుతోనే తెరచినారు. 1923లో హోల్కారు మహారాజు ఆహ్వానముపై ఇందూరు చేరి, ఆ సంస్థాన సైన్యమున కాప్టెను పదవిని పొందినారు.

1926 డిసెంబరులో గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానమున నాయుడుగారు రెండు గంటలైనా గడవకముందే 153 పరుగులు చేసినారు. అందు సిక్సర్లు 11, ఫోర్లు 13. పర జట్టువారే మెచ్చి వెండిబ్యాటును బహూకరించినారు. భారతీయులు టెస్టులకు తగినవారని పలువురికి నమ్మకము కలిగినది ఆనాడే.

1932లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు పోరుబందరు మహారాజు నాయకుడు. ఆనాడు నాయకత్వము రాజవంశీకుల సొత్తుగా నుండెడిది. అయినను, ఆ మహారాజు తమకంటె సమర్థుడు వేరొకడున్నాడని గ్రహించి, టెస్టునాడు తప్పుకొని నాయుడుగారికి చోటిచ్చినారు. జూన్ 25న ఆరంభమైన ఆ పోటీలో మనవారు 158 పరుగుల తేడాతో ఓడినారు. కాని ఫీల్డింగులో చేతికి గాయమైనప్పటికిని, తొలి ఇన్నింగ్సులో అందరికంటె ఎక్కువగా 40 పరుగులు చేసినవారు నాయుడుగారే. మరుసటి ఏడు విజ్డెన్ గ్రంథము ఆయనను అయిదుగురు ఉత్తమ క్రీడాకారులలో ఒకరిగా ఎన్నుకొన్నది.

1936లో నాయకత్వము విజయనగరము మహారాజకుమారుని వశమైనది. ఆయనకు పలుకుబడి ఉన్నంతగా ఆటలో ప్రావీణ్యము లేకుండెను. ఒకప్పుడు జట్టును నడిపిన నాయుడుగారు ఇప్పుడు సామాన్య సభ్యులు. పదవి పోయినదని ఆయన ఆట సడలలేదు. ఓవల్ మైదానములో జట్టు ఇన్నింగ్సు ఓటమి అంచున నుండగా, అలెన్ విసరిన బంతి బలముగా తగిలినను క్రీజు వీడక 81 పరుగులు చేసి, ఆ అపకీర్తిని తప్పించుటకు తోడ్పడినారు. టెస్టులలో ఆయనకదే అత్యధిక స్కోరు. అదే చివరి ఇన్నింగ్సు.

తరువాత హోల్కారు జట్టు ఆయన నాయకత్వమున నాలుగుమారులు రంజీ ట్రోఫీని గెలిచినది. 1951-52 తుదిపోటీలో ఫడ్కర్ బంతికి పళ్ళు రాలినను, 56 ఏండ్ల ఆ వీరుడు చికిత్సకైనా వెలుపలికి పోక, ఆట కొనసాగించి 66 పరుగులు చేసినారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించినది. బుచ్చిరెడ్డిపాలెములో పుట్టిన బెజవాడ గోపాలరెడ్డిగారు తరువాత 1955లో ముఖ్యమంత్రి అయినది ఆ రాష్ట్రమునకే. ఆ 1953-54 రంజీ పోటీలలో ఆంధ్ర జట్టు తొలిసారిగా కాలు మోపినది. లండనులో పాత బ్యాట్లను అద్దాల వెనుక అమర్చుచున్న ఆ ఏటనే, 58 ఏండ్ల నాయుడుగారు ఆంధ్ర జట్టు పక్షమున బ్యాటు చేతబట్టి ఎండలోనికి నడచినారు. నాగపూరులో పుట్టి ఇందూరులో పెరిగిన కీర్తి తమ పూర్వుల గడ్డను మరువలేదు.

1956లో పద్మభూషణ్ లభించినది. అరువదేండ్లు దాటిన పిదప ఉత్తరప్రదేశ్ తరఫున కూడ ఆడినారు. 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూసినారు.

ప్రదర్శనశాల బ్యాటును చూపగలదు. దెబ్బ తిన్న తరువాత మరల నిలబడిన మనిషిని చూపలేదు. పదవి ఉన్ననాడును, ఊడిననాడును ఒకే విధముగ ఆడిన ఆ మనిషి కథను ఉపాధ్యాయుడే చెప్పవలెను. కోసిన పొలములో కొబ్బరిమట్ట పట్టిన బాలుడు వినవలెను.