వాల్తేరు గణితాచార్యులు మీనాక్షిసుందరం గారు

రామానుజం గారి పేరు మన భివండి పిల్లలు కూడ ఎరుగుదురు. ఆయన తరువాతి తరములో మన తెలుగుగడ్డ మీద ఆచార్యులుగా పనిచేసి, నేటికిని దేశదేశముల గణితవేత్తలు తలచుకొను పని చేసిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరం గారి పేరు ఎరిగినవారు అరుదు. రైల్వే లెక్కలకు మించిన గణితము మాకు రాదు. అయినను తెలిసినవారిని అడిగి గ్రహించినంత వ్రాయుచున్నాము.

వీరు 1913 అక్టోబరు 12వ తేదీన కేరళలోని త్రిచ్చూరులో జన్మించినారు. చదువు మద్రాసులో, లయోలా కళాశాలలో. పిమ్మట ఆనందరావు గారి వద్ద పరిశోధన. ఆ ఆనందరావు గారు కేంబ్రిడ్జిలో హార్డీ దొరగారి వద్ద చదివినవారు.

1940లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన గ్రంథమునకు డి.ఎస్‌సి. పట్టము వచ్చినది. అందలి విషయము ఉష్ణము వ్యాపించు తీరును చెప్పు సమీకరణములు. హైదరాబాదు ఉస్మానియాలోని రజియుద్దీన్ సిద్దీఖీ గారు వేసిన బాటనే వీరు ఇంకను ముందుకు తీసుకొనిపోయినారు. మన మగ్గముల భాషలో చెప్పవలెనన్న, చిక్కని గుడ్డను పోగుపోగుగా విడదీసి చూచుట ఫోరియర్ పద్ధతి. మామూలు సమీకరణములో ఏ పోగు దారి ఆ పోగుదే. ఇచ్చట అట్లు కాదు. ఒక పోగు కదలిన అన్నియు కదలును. అట్టి చిక్కును విప్పుటయే వీరి పని.

ఇందులో అపాయమెక్కడ? నూనె తడిసిన దూదిచెత్త గోడౌనులో కుప్పగా పడియుండిన, నిప్పు తగులకయే లోలోపల వేడెక్కుట మన ఊరివారికి చెప్పనక్కరలేదు. వేడి పెరిగినకొలది పుట్టు వేడియు హెచ్చును. అంచులనుండి పోవు వేడి చాలనిచో లెక్క హద్దు దాటి అనంతమునకు ఎగయును. మరియొక జాతి సమీకరణములలో తమాషా వేరు: నడుమ అంతయు అదుపులో ఉండి, అంచు సమీపించినకొలది మాత్రము విలువ మేరలేక పెరుగును. విద్యుత్తు నింపిన వాయువును పాత్రలో బంధించిన, అణువులు ఒకదానినొకటి త్రోసికొని గోడలకు చేరును. ఎంత నింపినను నడిమి సాంద్రత ఒక హద్దు దాటదు. ఇది ఎప్పుడు సాధ్యమో కెల్లర్, ఆసర్మన్ అను ఇరువురు 1957లో వేరువేరుగా తేల్చినారు.

ఇంతటి పట్టము పొందిన మీనాక్షిసుందరం గారికి ఉద్యోగము దొరకలేదు! పరీక్షలకు వెళ్ళు పిల్లలకు ప్రైవేటు చెప్పి కొంతకాలము పొట్ట పోసికొన్నారు. కడకు లయోలాలోని ఫ్రెంచి గురువు ఫాదర్ రసీన్ గారి సాయముతో వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయములో లెక్చరరు పని దొరికినది. ఆ ఒక్క మనిషి పట్టించుకొనకున్న ఏమై యుండునో యని మాకు తరచు తోచును.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలోని ప్రిన్‌స్టన్ సంస్థకు వెళ్ళినారు. అచ్చట స్వీడను దేశస్థుడు ప్లైయెల్ గారితో కలసి వ్రాసిన వ్యాసము 1949లో కెనడా గణిత పత్రికలో వెలువడినది. వంపులు గల ఏ ఆకృతియైనను, దాని కంపనముల వరుసలోనే దాని పరిమాణము దాగియున్నదని, దానిని ఉష్ణ సమీకరణము ద్వారా బయటకు తీయవచ్చునని అందు చూపినారు. వారి కీర్తికి మూలమదియే. బొంబాయి టాటా సంస్థలో పనిచేసిన పటోడీ గారు 1970 దశకములో చేసిన గొప్ప పనికి ఈ ఉష్ణ మార్గమే ఆధారము.

తిరిగి వాల్తేరు వచ్చి ఆచార్యులైనారు. చర్చించదగిన తోటివారు అచ్చట తక్కువ. అయినను మన మచిలీపట్టణములో పుట్టిన చంద్రశేఖరన్ గారితో కలసి వ్రాసిన గ్రంథము 1952లో వెలువడినది. 1958లో ఎడింబరో అంతర్జాతీయ మహాసభలో ఉపన్యసించినారు. 1968 ఆగస్టు 13వ తేదీన, 54 ఏండ్లకే, గుండెపోటుతో కాలము చేసినారు.

అంతకు రెండేండ్ల ముందు, 1966లో, కాట్స్ అను పండితుడు, డప్పును చూడక మోత మాత్రము విని దాని ఆకారము చెప్పగలమా యని అడిగినాడు. జవాబు 1992లో వచ్చినది: చెప్పలేము. ఒకే మోత మ్రోగు రెండు వేరు ఆకారములను గోర్డన్, వెబ్, వోల్పర్ట్ అను మువ్వురు గీసి చూపినారు. అయితే ఆ రెంటికిని వైశాల్యము ఒక్కటే. అంచు పొడవును ఒక్కటే.