శిస్తు సొమ్ముతో మాటల ఖజానా
పిఠాపురం మహారాజా సూర్యారావు జీవితం

కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు భవనం 1973లో ప్రభుత్వ మ్యూజియం అయింది. తాళపత్రాలు చూడాలని అక్కడికి వెళ్ళేవారిలో ఎందరికి పిఠాపురం కోట జ్ఞాపకం వస్తుందో గాని, ఆ పరిషత్తు చేసిన మహత్కార్యానికి డబ్బు వచ్చింది ఆ కోట నుంచే.

రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు పుట్టేనాటికే సంస్థానానికి వారసుడున్నాడు. సంతానం లేని తండ్రి గంగాధర రామారావు 1873లో వెంకటగిరి రాజవంశపు పిల్లవాణ్ణి దత్తు తీసుకున్నారు. పన్నెండేళ్ళకు, 1885లో, సూర్యారావు కలిగారు. సంస్థానం ఆయనకే చెందాలని వీలునామా రాసి తండ్రి 1890లో కన్నుమూశారు. అయిదేళ్ళ పసివాడి ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతిలోకి పోయింది. దత్తపుత్రుడు దావా వేశారు. వ్యాజ్యం లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళగా, వీలునామా చెల్లుతుందని 1899లో తీర్పు వచ్చింది. సూర్యారావుకు అప్పటికి పద్నాలుగేళ్ళయినా నిండలేదు.

ఇంత తగవుపడి దక్కిన ఆస్తిని ఆయన దాచుకోలేదు. కాకినాడలో సంస్థానం పేరనే నడిచే కళాశాలకు ప్రిన్సిపాలైన రఘుపతి వేంకటరత్నం నాయుడుగారిని గురువుగా భావించారు. బ్రహ్మసమాజం బాట పట్టారు. అనాథ శరణాలయం, హరిజన విద్యార్థుల వసతి గృహం పెట్టించారు. కోటలో పానుగంటి లక్ష్మీనరసింహారావు వంటి రచయితలకు, తుమరాడ సంగమేశ్వర శాస్త్రి వీణకు ఆదరణ ఉండేది.

పరిషత్తు 1911లో మద్రాసులో పుట్టి తరువాత కాకినాడ చేరింది. జయంతి రామయ్య పంతులు పూనికతో అది తలపెట్టిన నిఘంటువుకు మహారాజా అండగా నిలిచారు. శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వెలువడింది. ఒక లోటు మాత్రం చెప్పుకోవాలి. కావ్యాల్లో దొరికిన మాటలకే అందులో పెద్దపీట. వాడుక భాషపై పంతులుగారికున్న విముఖత జగమెరిగినదే. శిస్తు కట్టిన రైతుల నోటిమాటలకు ఆ సంపుటాల్లో చోటు అంతంత మాత్రమే.

1948 నాటి చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. 1964లో మహారాజా పరమపదించేనాటికి కూడా నిఘంటువు పూర్తి కాలేదు. మిగిలిన పనిని హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టి ముగించింది. సంస్థానం పోయినా, నిఘంటువుకు సూర్యరాయ నామమే నిలిచింది.