చలిజ్వరానికి నీలి రంగు మందు: డాక్టర్ పాల్ ఎర్లిక్

జ్వరం వచ్చినవారి వేలు సూదితో పొడిచి, రక్తపు చుక్కను గాజుపలకపై తీసుకుపోయే ఆరోగ్య కార్యకర్తను పల్లెల్లో ఎరుగనివారుండరు. ఆ చుక్కలో మలేరియా క్రిమిని గుర్తుపట్టాలంటే దానికి రంగు పట్టించాలి. ఆ రంగుల్లో ముఖ్యమైనది మెథిలిన్ బ్లూ. బట్టల అద్దకానికి వాడే ఈ నీలి రంగును మలేరియాకు మందుగా ఇచ్చి చూసినవారు జర్మనీ శాస్త్రజ్ఞుడు డాక్టర్ పాల్ ఎర్లిక్.

ఆయన 1854 మార్చి 14న స్ట్రెలెన్ అనే చిన్న పట్నంలో యూదు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు నేడు పోలెండులో ఉంది. వైద్యవిద్య చదివే రోజుల్లోనే ఆయనకు రంగుల పిచ్చి పట్టుకుంది. ఏ రంగు శరీరంలో ఏ భాగానికి అంటుకుంటుందో చూడడమే పని. చేతులకు ఎప్పుడూ రంగు మరకలే. చుట్ట నోట్లో నుంచి దిగేది కాదు. 1888లో క్షయ సోకగా ఈజిప్టు వెళ్లి, కోలుకుని తిరిగి వచ్చారు.

క్రిమికి అంటుకున్న రంగు ఆ క్రిమినే చంపదా అన్నది ఆయన ఆలోచన. 1891లో బెర్లిన్‌లోని మోవాబిట్ ఆసుపత్రిలో డాక్టర్ గుట్‌మన్‌తో కలిసి ఇద్దరు మలేరియా రోగులకు మెథిలిన్ బ్లూ మింగించారు. మూత్రం నీలంగా వచ్చింది గాని జ్వరం తగ్గింది. కొద్ది రోజులకు రక్తంలో క్రిములు కనబడలేదు. అంతవరకు ఈ జ్వరానికి గట్టి మందు సింకోనా బెరడు నుంచి తీసే క్వినైన్ ఒక్కటే. మన పల్లెల్లో కొయినా అనేవారు, అదే.

అయితే పని అక్కడే ఆగిపోయింది. బెర్లిన్‌లో మలేరియా రోగులు అరుదు. మనిషి మలేరియా ఎలుకకు అంటదు. గాజు పాత్రలో పెంచుదామంటే ఆ క్రిమి బతకదు. మందును కొద్దిగా మార్చిన ప్రతిసారీ అది మెరుగో నాసో తేల్చడానికి మనుషులనే వాడుకోవడం ఎలా? చేసేది లేక ఎర్లిక్, ఎలుకల్లో పెరిగే వేరొక క్రిమి వైపు మళ్లారు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్నారు. 1909లో జపాను శాస్త్రజ్ఞుడు హటాతో కలిసి సిఫిలిస్ వ్యాధికి 606 అనే మందు కనుగొన్నారు.

1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. 1915లో సరిగ్గా అదే తేదీన ఎర్లిక్ కన్నుమూశారు.

ఆయనకు దొరకని దారి 1976లో దొరికింది. న్యూయార్క్‌లో ట్రేగర్, జెన్సెన్ అనే శాస్త్రజ్ఞులు మనిషి రక్తకణాల్లోనే ఆ క్రిమిని పాత్రలో పెంచారు. ప్రాణవాయువు తగ్గడానికి జాడీలో కొవ్వొత్తి వెలిగించి మూత బిగించేవారు. అప్పటినుంచి చిన్న చిన్న గుంటల పలకలో క్రిములున్న రక్తం పోసి, ఒక్కో గుంటలో ఒక్కో మోతాదు మందు వేసి, ఒకదానిలో మందు వేయకుండా వదలి, రెండు రోజుల తర్వాత ఎందులో ఎన్ని మిగిలాయో లెక్కించసాగారు. మెథిలిన్ బ్లూను కూడా ఇలాగే పరీక్షించారు. 2000 సంవత్సరం తర్వాత ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో మలేరియా రోగులకు దీనిని మళ్లీ ఇచ్చి చూశారు. అక్కడా మూత్రం నీలంగానే వచ్చింది.