పక్కవాద్యమునకు ప్రధానపీఠము

ఒకే వేదికపై నలుగురు విద్వాంసులు కూర్చుండినపుడు వారిలో నెవరికెంత గౌరవము దక్కునో దానినిబట్టి యా సభయొక్క సంస్కారము తెలియుచుండును. అనకాపల్లి బెల్లపు వర్తకమునకు దేశమంతటను పేరుగన్న పట్టణము. శారదానదీ ప్రాంతమున చెరకు పండించు రైతులును, బజారులోని వర్తకులును పెండ్లిండ్లకును, దేవీ నవరాత్రులకును, శ్రీరామనవమి పందిళ్లకును కచేరీలు పెట్టించుట మనయందు మర్యాదగా వచ్చుచున్నది. చేయితిరిగిన స్థానిక విద్వాంసులు ఆ పందిటిలో ఒకరి పక్క నొకరు కూర్చుందురు. ఆహ్వానపత్రికలో మాత్రము ఒక్కరి పేరు పెద్ద యక్షరములతోను, తక్కినవారి పేర్లు చిన్న యక్షరములతోను ఉండును. ఒక్కొక్కప్పుడు అవియును ఉండవు. సంభావనయందును ఇదియే తారతమ్యము. ఇది న్యాయమా యని యోచింపదలచువారికి ద్వారం వెంకటస్వామినాయుడుగారి జీవితము చక్కని యాధారము.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన దీపావళి పండుగనాడు బెంగుళూరులో జన్మించిరి. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యమున ఉద్యోగము చేసి, విరమించిన పిదప విశాఖపట్టణమునకు వచ్చి స్థిరపడిరి. అనకాపల్లికి రైలుమార్గమున గంట ప్రయాణమైనను లేని యా పట్టణముననే బాలుని పెంపకము జరిగెను. అతనికి చిన్నతనమునుండియు దృష్టిమాంద్యము. పుస్తకములోని యక్షరములు కంటికి స్పష్టముగ కానరాకపోవుటచే బడిచదువు సాగలేదు. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు తమ్మునిచేతికి ఫిడేలు నిచ్చి తామే గురువై విద్య గరపిరి. కన్ను చేయజాలని పనిని చెవి చేసెను. లోకము నిర్భాగ్యమని తలచినదే ఆ బాలుని యేకాగ్రతకు కారణమయ్యెను.

1919లో విజయనగరమున విజయరామ గజపతి మహారాజుగారు సంగీత కళాశాలను స్థాపించిరి. హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి యధ్యక్షులు. నాయుడుగారు అందు విద్యార్థిగా చేరదలచి వెళ్లిరి. వారి వాయిద్యము విన్న పెద్దలు, ఈతడు నేర్చుకొనుటకు గాక నేర్పుటకు దగినవాడని నిశ్చయించి ఫిడేలు ఆచార్యపదవి నిచ్చిరి. అప్పటికి నాయుడుగారి వయస్సు ఇరువదియారు సంవత్సరములు. దాసుగారికి ఏబదియైదు దాటబోవుచుండెను. ఒకరు చిడతలు చేబూని గజ్జెకట్టి కథ చెప్పు సాహసిక ప్రతిభామూర్తి. మరియొకరు మితభాషియై కమానుతోనే మాటలాడు సాధకుడు. స్వభావమున నింత భేదముగల యిరువురును 1936 వరకు, పదునేడేండ్లపాటు, ఒకే విద్యాలయమును తీర్చిదిద్దిరి. ఆ సంవత్సరమున దాసుగారు విరమింపగా నాయుడుగారే అధ్యక్షులైరి. ఒకరి కీర్తి మరియొకరి కీర్తికి అడ్డు కాలేదు. సమర్థులైన యిద్దరు ఒకచోట ఇమడలేరను లోకోక్తికి విజయనగరము అపవాదమై నిలిచెను.

ఫిడేలు మన దేశమున పుట్టిన వాద్యము కాదు. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి కర్ణాటక సంగీతమునకు అనువుగా మలచిరి. నాటినుండి అది గాయకుని పక్కన కూర్చుండి గాత్రమును నీడవలె అనుసరించు వాద్యమయ్యెను. నాయుడుగారు పాశ్చాత్య విద్వాంసుల వాయిద్యమును సైతము శ్రద్ధతో విని, దీర్ఘమైన కమాను పోకడను, నాదశుద్ధిని తమ సాధనలో చేర్చుకొనిరి. కాని వారి చేతిలో పలికినది మన రాగమే, మన గమకమే. పరదేశపు వస్తువును స్వీకరించి దానికి మన ప్రాణము పోయుట యొకటి. మన ప్రాణమును విడిచి పరదేశపు వేషము ధరించుట మరియొకటి. ఈ రెంటికిని గల యంతరమును ఉపన్యాసములకంటె నాయుడుగారి నాలుగు తంత్రులే స్పష్టముగా బోధించినవి.

పక్కవాద్యమనగా తక్కువవాద్యమని తలచువారు కచేరి నడచు తీరును గమనింపవలెను. గాయకుడు తన రాగమును ఏ మార్గమున నడిపించునో తానే యెరుగును. ఫైడేలు విద్వాంసునికి ముందుగా తెలియదు. ఆలాపనలో గాయకుడు వేసిన ప్రతి యడుగును విని, మరుక్షణమున దానిని అందుకొని, తనవంతు వచ్చినపుడు అదే రాగమును పునరుక్తి లేక పలికింపవలెను. స్వరకల్పనలో గాయకుడు విసరిన లెక్కకు తాళము తప్పక ప్రత్యుత్తరమీయవలెను. గాయకుని గొంతు అలసినచోట నాదమును నిలిపి సభకు లోపము తెలియనీయకుండ కాపాడవలెను. ఇంత చేసి, గాయకుని మించితినన్న భావము ఎచ్చటను పొడచూపనీయరాదు. ఇది సేవకుని పని కాదు. సమాన ప్రజ్ఞయు, అధిక సంయమమును గలవాని పని. నాయుడుగారు దక్షిణదేశపు మహాగాయకుల పక్కన నిట్లే చిరకాలము వాయించి, వినయమునకును విద్యకును విరోధము లేదని చూపిరి.

1938లో వేలూరున వారి తొలి ఏకవాద్య కచేరి జరిగెను. అప్పటికి వారికి నలుబదినాలుగు, నలుబదియైదేండ్ల ప్రాయము. ఇంతకాలము పక్కన కూర్చున్న వాద్యము నడుమకు వచ్చెను. సభను నిండుగ నడిపింపగల శక్తి దానికి గలదని లోకము గుర్తించెను. 1941లో మదరాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి బిరుదము, 1950లో ఆంధ్ర విశ్వవిద్యాలయమువారి కళాప్రపూర్ణ, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమి పురస్కారము, 1957లో పద్మశ్రీ వరుసగా లభించినవి. 1952లో మదరాసున న్యాయమూర్తి రాజమన్నారుగారి యింట జగద్విఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ వీరి వాయిద్యమును విని ముగ్ధుడయ్యెను. ఇంత యశస్సు వచ్చినను తెలుగుజనము వారిని ఆప్యాయముగ ఫిడేలు నాయుడుగారనియే పిలుచుచుండిరి. 1964 నవంబరు 25న వారు దివంగతులైరి. వారి శతజయంతి సంవత్సరమగు 1993లో భారత తపాలాశాఖ వారి స్మారకముగ బిళ్లను వెలువరించెను. కుమార్తె మంగతాయారుగారు ఫిడేలు విద్వాంసురాలుగ ఆ బాణీని నిలిపిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు నేర్చినది విజయనగరమునందే. నేదునూరి కృష్ణమూర్తిగారు ద్వారం నరసింగరావుగారికి అందు శిష్యులు.

ఒక సంస్థానాధీశుని యౌదార్యము లేకున్న 1919లో నాయుడుగారికి పీఠము దొరకకపోయెడిదేమో. 1948 నాటి శాసనముతో జమీందారీలు రద్దయినవి. ఆ కళాశాల ప్రభుత్వ యాజమాన్యమునకు చేరినది. 2022లో అనకాపల్లియు ప్రత్యేక జిల్లా కేంద్రమైనది. ప్రభువులు పోయిరి, కాని వారు మోసిన బాధ్యత పోలేదు; అది పందిరి వేయించు గృహస్థునిపైనను, చందా వేయు వర్తకునిపైనను, ముందువరుసలో కూర్చుండు శ్రోతపైనను పడినది. దూరమునుండి వచ్చిన పేరుగల గాయకునికి రైలు ఖర్చులు, శాలువయు నిచ్చి, మన యూరి మృదంగ విద్వాంసుని తాంబూలముతో పంపివేయుట యౌదార్యము కాదు. తనియావర్తనము మొదలుకాగానే లేచి కాఫీకి పోవుట రసికత కాదు.

కావున ఈ సారి పందిరి వేయించు పెద్దలు మూడు పనులు చేయుదురుగాక. వేదికపై కూర్చుండు విద్వాంసులందరి పేర్లను ఒకే ప్రమాణపు టక్షరములతో అచ్చువేయింపుడు. సంభావనను ముందుగా నిర్ణయించి, పక్కవాద్యములవారికి సిగ్గుపడనక్కరలేని పాలు నిండు. ఏడాదికొక్క సభయందైనను మన ప్రాంతపు ఫిడేలునో వీణనో నడుమ కూర్చుండబెట్టుడు. వేలూరులో ఆనాడెవరో నాయుడుగారిని నడుమ కూర్చుండబెట్టిరి. అట్టి యొక పిలుపుకొరకు కాచుకొనియున్న చేయి మన వీధిలోనే ఉండవచ్చును.