బఠాణీ గింజతో మొదలు: దాదాసాహెబ్ ఫాల్కే

ధుండిరాజ్ గోవింద ఫాల్కే 1870లో నాసిక చెంతనున్న త్ర్యంబకమున జన్మించెను. చిత్రలేఖనము, ఛాయాగ్రహణము, ముద్రణము ఆయన నేర్చిన విద్యలు. నిలకడగా కూడుపెట్టినది ఒక్కటియు లేదు. 1911లో బొంబాయిలో క్రీస్తు చరిత్రమును తెరపై చూచినది మొదలు, మన పురాణపురుషులను అట్లే కదలింపవలెనని పట్టుబట్టెను. భీమా పత్రములను తాకట్టుపెట్టి 1912లో లండను వెళ్లి, పని నేర్చి, కెమేరా సంపాదించెను.

ధనికులకు నమ్మకము కలిగించుటకు ఆయన మొదట చిత్రించినది పురాణకథ కాదు, కుండీలోని బఠాణీ గింజ! నెలకు పైగా దినదినము కొంచెముగా చిత్రించి, అది మొలకెత్తి మొక్కయగుటను క్షణములలో చూపెను. ప్రకృతిశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు ఇంతకన్న మంచి పాఠమేమున్నది? అప్పు పుట్టినది.

అప్పటికే భార్య సరస్వతీబాయి నగలు చేజారినవి. ఫిల్మునకు రంధ్రములు పొడుచుట, దానిని కడుగుట, పనివారందరికి వండిపెట్టుట ఆమె వంతు. ఆయన పేరు చెప్పుకొనువారు ఆమెను తలచుట అరుదు. తారామతి వేషమునకు స్త్రీలెవరును ముందుకు రానందున, హోటలు వంటవాడు సాలుంకే చీర కట్టెను. 1913 మే 3న బొంబాయిలో ‘రాజా హరిశ్చంద్ర’ విడుదలయ్యెను.

1918లో ధనికులతో కలసి కంపెనీ పెట్టెను. డబ్బునకు కొదువ తీరినది. స్వేచ్ఛకు కొదువ వచ్చినది. పొసగక కాశికి పోయి నాటకము వ్రాసికొనెను. మరల వచ్చెను గాని కాలము మారిపోయినది. మూకీగా తీసిన ‘సేతుబంధన్’కు పిదప మాటలు అతికింపవలసి వచ్చెను. 1937 నాటి ‘గంగావతరణ్’ కడపటి చిత్రము. 1944 ఫిబ్రవరి 16న నాసికలో ఆయన కన్నుమూసెను.