చక్రయాత్రికుడు వెలోసియో

భద్రాచలము నుండి చింతూరు మీదుగా మారేడుమిల్లికి పోవు ఘాటురోడ్డు దట్టమైన అడవిలో మెలికలు తిరుగుచు కొండ నెక్కును. ఖమ్మము చుట్టుపట్ల చదునైన దారులలో సైకిలుపై హాయిగా సాగిపోవు బాలుడు ఆ కొండదారి చేరినంతనే దిగి, బండిని త్రోసికొనుచు నడువవలసి వచ్చును. అది వాని కాళ్లలో బలము లేకపోవుటచేత కాదు. వాని సైకిలు వెనుకచక్రమునకు గల ఒకేయొక పండ్లచక్రము చదునైన నేలకు తగినదే గాని ఎత్తునకు తగినది కాదు. ఈ చిక్కును విప్పుటకై సగము జీవితమును ధారపోసిన మహనీయు డొకడు ఫ్రాన్సు దేశమున నుండెను. ఆయన పేరు పాల్ డి వివీ. వెలోసియో అను కలము పేరుతోనే లోకము ఆయనను ఎక్కువగా ఎఱుగును.

పాల్ డి వివీ 1853వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన దక్షిణ ఫ్రాన్సులోని పెర్న్ అను చిన్న ఊరిలో జన్మించెను. ప్రాచీన గ్రంథములన్న ఆయనకు మిక్కిలి మక్కువ. యౌవనమున పట్టువ్యాపారములో ప్రవేశించి, ముప్పది యేండ్లు నిండకమునుపే దానిలో స్థిరపడెను. ఆయన నివాసము సెయింట్ ఎతియెన్ పట్టణము. మన కొత్తగూడెమువలె ఆ పట్టణము ఆ కాలమున బొగ్గుగనులకు పేరొందినది. పట్టురిబ్బనుల నేత, ఆయుధముల తయారీ కూడ అచట సాగుచుండెను. పట్టణము చుట్టును కొండలే. ఏ దిక్కునకు బయలుదేరినను ఎత్తు ఎక్కక తప్పదు. ఆ ఊరివాడు కాకున్నచో వెలోసియో చరిత్ర మఱియొక విధముగా నుండెడిదేమో!

1881లో, తన యిరువదియెనిమిదవ యేట, ఆయన మొదటి సైకిలును కొనెను. నాటి సైకిలు నేటి సైకిలువంటిది కాదు. ముందుచక్రము మనిషి రొమ్మువఱకు వచ్చును; వెనుకచక్రము మిక్కిలి చిన్నది. పెడలులు ముందుచక్రపు ఇరుసునకే బిగింపబడియుండును. కాలు ఒకసారి తిరిగిన చక్రమును ఒకసారి తిరుగును. వేగము కావలెనన్న చక్రమును పెద్దది చేయుటొకటే మార్గము; కాని మనిషి కాలి పొడవునకు మించి దానిని పెంచుటకు వీలులేదు. ఎత్తున నుండి తలక్రిందుగా పడుట సామాన్యమై యుండెను. 1885లో ఇంగ్లండులోని కొవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ అనునతడు దాదాపు సమానమైన రెండు చక్రములతో, గొలుసుతో నడచు సైకిలును తయారుచేసెను. 1888లో డన్లప్ గాలి టైరును కనిపెట్టెను. ఈ రెండింటితో సైకిలు సామాన్యుల వాహనమయ్యెను.

గొలుసు వచ్చుటతో వెలోసియో మనస్సులో నూతనమైన ఆలోచన మొలకెత్తెను. వ్యాపారనిమిత్తము ఇంగ్లండు పోయి వచ్చుచు, ఆయన అచటి సైకిళ్లను శ్రద్ధతో పరిశీలించెను. 1887లో లాభసాటియైన పట్టువ్యాపారమును విడిచిపెట్టి, సెయింట్ ఎతియెన్‌లో సైకిళ్ల దుకాణమును తెఱచెను. ఆ సంవత్సరమే సైకిలుప్రియుల కొఱకు ఒక పత్రికను స్థాపించెను. మఱుసటి సంవత్సరము దానికి లె సిక్లిస్త్ అను పేరు స్థిరపడెను. బంధుమిత్రులకు ఇది పిచ్చిపనిగా తోచియుండవచ్చును. ఆయనకు మాత్రము ధనముకంటె ఆ రెండు చక్రములే విలువైనవిగా కనబడెను.

ఆయనను ఆకర్షించిన విషయము గేరు. దాని మర్మము కొంచెము గణితముతో తెలియును. పెడలువద్ద గల పెద్ద చక్రమునకు 48 పండ్లు, వెనుకనున్న చిన్నచక్రమునకు 16 పండ్లు ఉన్నవనుకొందము. కాలు ఒకసారి తిరిగిన వెనుకచక్రము 3 సారులు తిరుగును. సైకిలు సుమారు ఆఱున్నర మీటర్లు పోవును. 16 పండ్ల చక్రమునకు బదులు 24 పండ్ల చక్రము నమర్చిన వెనుకచక్రము 2 సారులే తిరుగును. సైకిలు నాలుగున్నర మీటర్లలోపే పోవును. దూరము తగ్గినది, దానితోపాటు త్రొక్కవలసిన బలమును తగ్గినది. భద్రగిరి గుడికి పొడుగాటి మెట్లు తక్కువగా నున్న ముసలివారు ఎక్కలేరు. పొట్టి మెట్లు ఎక్కువగా నున్న నెమ్మదిగా ఎక్కగలరు. కొండ ఎత్తు తగ్గలేదు, శ్రమ మాత్రము చిన్న భాగములుగా పంచబడినది. గేరు చేయు పనియు ఇదియే.

మనిషి కాళ్లు ఒక సమమైన లయలో తిరిగినపుడే అలసట తక్కువగా నుండుననియు, దారి మాఱినను ఆ లయ మాఱగూడదనియు, అందుచేత దారినిబట్టి గేరే మాఱవలెననియు వెలోసియో సిద్ధాంతము. మొదట ఆయన పెడలువద్ద రెండు పండ్లచక్రముల నమర్చెను. ఎత్తు వచ్చినపుడు గొలుసును చేతితో ఒకదానినుండి ఇంకొకదానికి మార్చవలెను. చేతులకు నూనె, మసి అంటుకొనెడిది. అయినను ఆయన విసుగుచెందక రెండు గేర్లను నాలుగు చేసెను. ఇతరులు చేసిన సాధనములను తెప్పించి పరీక్షించెను. సైకిలు సాగుచుండగనే గొలుసును ఒక చక్రమునుండి మఱియొక చక్రముపైకి జరుపు డెరెయిలర్ అను సాధనము ఫ్రాన్సులో వృద్ధిపొందుటకు ఆయన కృషియు, ఆయన ప్రోత్సాహమును ముఖ్యకారణములు.

దుకాణములో కూర్చుండి సిద్ధాంతములు చెప్పువాడు కాడు వెలోసియో. ప్రతి క్రొత్త సాధనమును కొండలపై తానే స్వయముగ పరీక్షించెడివాడు. పట్టణమునకు చేరువనే 1161 మీటర్ల ఎత్తుగల రిపబ్లిక్ కనుమ కలదు. అదియే ఆయన ప్రయోగశాల. రాత్రియంతయు సైకిలు త్రొక్కి తెల్లవాఱునప్పటికి వేఱొక మండలమును చేరుట ఆయనకు వేడుక. ఈస్టరు పండుగకు మిత్రులతో కూడి దక్షిణమునగల ప్రొవాన్స్ సీమకు యాత్ర సాగించెడివాడు. అఱువదియేండ్ల వయస్సులోను ఆయనతో సమానముగ త్రొక్కుట పడుచువారికి కష్టముగ నుండెడిది.

ఆయన యాత్రికుల కొఱకు ఏడు నియమములను ఏర్పఱచెను. ఆకలి కాకముందే కొంచెము తినవలెను, దప్పిక కాకముందే నీరు త్రాగవలెను. ఆగుట అరుదుగను, కొద్దిసేపును ఉండవలెను. ఆకలి, నిద్ర నశించునంతగా అలసిపోగూడదు. చలి తగులకముందే వస్త్రము కప్పుకొనవలెను, ఉక్కపోయకముందే తీసివేయవలెను. యాత్రలో మద్యమును, మాంసమును, పొగాకును మానవలెను. శక్తికి మించి, ముఖ్యముగ మొదటి గంటలలో, తొందరపడగూడదు. కేవలము గొప్పకొఱకు ఎన్నడును త్రొక్కగూడదు. ఆయన స్వయముగ శాకాహారి. చెప్పిన నియమములను తాను పాటించి చూపినవాడు.

లె సిక్లిస్త్ పత్రికకు దేశపు నలుమూలలనుండి సైకిలుప్రియులు ఉత్తరములు వ్రాసెడివారు. ఎన్ని గేర్లు చాలునని ఒకరు, అసలు గేరే వలదని వేఱొకరు, బరువు పెరుగునని ఇంకొకరు వాదించెడివారు. వెలోసియో తనకు నచ్చని అభిప్రాయములకును చోటిచ్చి, ఓర్పుతో సమాధానములు వ్రాసెడివాడు. ఆయనకు ఎదురైన ప్రత్యర్థులలో మిక్కిలి బలవంతుడు హెన్రీ దెగ్రాంజ్.

దెగ్రాంజ్ సామాన్యుడు కాడు. 1893లో ఒక గంటలో 35 కిలోమీటర్లకు పైగా సైకిలు త్రొక్కి రికార్డు స్థాపించినవాడు. ఒక క్రీడాపత్రికకు సంపాదకుడై, 1903లో టూర్ ద ఫ్రాన్స్ అను మహాపందెమును ప్రారంభించినవాడు. మొదటి పందెమున 60 మంది పాల్గొనిరి. మోరిస్ గారిన్ గెలిచెను. ఆ పందెము వెలోసియో ప్రయోగశాలయైన రిపబ్లిక్ కనుమ మీదుగనే సాగుట గమనింపదగినది.

పందెము మనిషి బలమునకే పరీక్షగాని యంత్రమునకు కాదని దెగ్రాంజ్ నమ్మకము. గేర్లు వయస్సు మళ్లినవారికే గాని వీరులకు తగవని ఆయన తన పత్రికలో ఎగతాళి చేసెను. ఆయన నియమములు ఎంత కఠినములో ఒక ఉదాహరణమువలన తెలియును. 1913లో యూజీన్ క్రిస్టోఫ్ అను పందెగాని సైకిలు ముందుఫోర్కు కొండలలో విఱిగిపోయెను. ఇతరుల సహాయము పొందరాదన్న నియమముచేత అతడు సైకిలును మోసికొని మైళ్లకొలది నడచి, ఒక పల్లెలోని కమ్మరికొలిమిలో తన చేతులతోనే దానిని అతికించుకొనెను. అయినను కొలిమితిత్తిని ఒక బాలుడు ఊదెనను కారణముచేత అతనికి శిక్ష విధింపబడెను.

ఇట్టి పందెములో డెరెయిలరుకు చోటెక్కడిది? పందెగాండ్ర వెనుకచక్రమునకు ఇరుప్రక్కల రెండు వేఱువేఱు పండ్లచక్రములుండెడివి. కొండ అడుగున పందెగాడు దిగి, చక్రమును ఊడదీసి, త్రిప్పి బిగించుకొని మరల ఎక్కవలెను. శిఖరము చేరిన పిదప మరల అదే పని. ఇది వెలోసియోకు వింతగా తోచెను. సైకిలును వాడువారిలో వీరులెందఱు? సామాన్యులే లక్షలకొలది. పొలమునకు పోవు రైతు, గనికి పోవు కూలి, బడికి పోవు పిల్లవాడు, వయస్సు మళ్లిన తాత, వీరందఱును కొండ నెక్కగలుగుటే యంత్రమునకు సార్థక్యమని ఆయన తలంచెను. పందెములో గెలిచినవారు వాడు సైకిలునే జనులు కొందురు గనుక, పందెములోని నిషేధము సామాన్యునికిని నష్టము కలిగించుచున్నదని ఆయన వాదము.

న్యాయముగ చూచినచో దెగ్రాంజ్ మాటలోను కొంత సత్యము లేకపోలేదు. మంచి యంత్రము కొనగలిగినవాడే గెలిచినచో అది సమానమైన పోటీ కానేరదు. ఈ భయముచేతనే 1930లో ఆయన పందెగాండ్ర నందఱిని దేశములవారిగా జట్లుచేసి, అందఱకును ఒకే విధమైన సైకిళ్లను ఇచ్చెను. కాని అందఱకును సమానముగ గేర్లనే ఇచ్చినచో న్యాయము చెడదు గదా! ఆ మెట్టు ఎక్కుటకు ఆయన అభిమానము అంగీకరింపలేదు.

ఆ 1930వ సంవత్సరముననే, డెబ్బదియాఱేండ్ల వయస్సున, వెలోసియో మరణించెను. సెయింట్ ఎతియెన్ వీధిలో సైకిలును చేతపట్టుకొని దాటుచుండగా ట్రాము తగిలి ఆయన ప్రాణములు విడిచెను. వేలకొలది మైళ్లు కొండలలో క్షేమముగ తిరిగినవానికి సొంత పట్టణమున ఈ గతి పట్టుట విధివైచిత్ర్యము. తాను నమ్మిన సత్యము పందెములో గెలుచుట ఆయన కన్నులార చూడలేదు.

ఏడేండ్లు గడచెను. 1936లో దెగ్రాంజ్ అనారోగ్యముచే పందెపు నిర్వహణమునుండి తప్పుకొనెను. 1937లో టూర్ ద ఫ్రాన్స్‌లో డెరెయిలరును వాడుటకు అనుమతి లభించెను. ఆ సంవత్సరము గెలిచిన రోజె లపెబీ గేర్ల సైకిలుపైననే గెలిచెను. అటుపిమ్మట గేరు బలహీనుల సాధనమను మాట పందెములలో నిలువలేదు. నేడు ఆ పందెములో పాల్గొను మహావీరుల సైకిళ్లకు ఇరువదికి పైగా గేర్లు కలవు.

వెలోసియో విజేతగా పతకములు పొందలేదు, ధనము కూడబెట్టలేదు. అయినను 1922లో ఆయన గౌరవార్థము మొదలైన వెలోసియో దినము ఆయన మరణముతో ఆగిపోలేదు. ఆ ఉత్సవమున సైకిలుప్రియులు రిపబ్లిక్ కనుమ నెక్కుదురు. పందెములకొఱకు గాక దేశమును చూచుటకై సైకిలుపై తిరుగు యాత్రికులు ఆయనను తమ గురువుగా తలంతురు. కనుమపై ఆయన స్మారకచిహ్నము కలదు. దానిని చేరువారిలో పడుచువారు, వృద్ధులు, స్త్రీలు, బాలురు అందఱును ఉందురు. ఎవరి బలమునకు తగిన గేరులో వారు, ఎవరి లయలో వారు పైకి చేరుదురు. వెలోసియో కోరినదియు అదియే.